గాజు పెరిగిన రోజు

పోయిన ఆదివారం పొద్దున్నే హన్మకొండ నుంచి మా మనుమరాలు, అంటే నా పెద్దబిడ్డ కూతురు, ఫోన్ చేసింది. దానికి పదహారు నెలల పాప. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆఫీసులకు పోయేవాళ్ళు కాబట్టి పాపను చూసుకోవడానికి ఒక ఆయమ్మను పెట్టుకున్నారు. పాప ఆమెకు మరీ మరిగిపోయిందట. సాయంత్రం తల్లి వచ్చి చేతులు చాచినా ఆమె భుజం మీద నుంచి దిగడం లేదట. అందుకని ఈ శుక్రవారం పాప నిద్రపోయిన సమయం చూసి ఆయమ్మను పంపించేసి, సోమవారం నుంచి పాపను క్రెష్‌లో వేద్దామనుకుంటున్నామని, రెండు మూడు రోజులు ఏడుస్తుందేమో గానీ తర్వాత అదే మరిచిపోతుంది కదా అమ్మమ్మా అని అడిగింది. నన్నే ఎందుకు అడిగిందో నాకు తెలుసు. ఇంట్లో అందరిలోకీ గట్టిదాన్ని నేను, పార్సిల్‌కు కట్టి వచ్చిన దారాన్ని కూడా ఉండ చుట్టి దాచే మనిషిని. ఒక జీతం మిగులుతుందంటే సరేనంటానని, అమ్మమ్మే సరేనన్నదని వాళ్ళమ్మ నోరు మూయించవచ్చని దాని ఎత్తు. నేను సరే అనలేదు. నేను వచ్చేదాకా ఆమెతో ఏమీ అనకు అని చెప్పి ఫోన్ పెట్టేశాను. రెండు మూడు రోజులు అన్న మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. దాదాపు యాభై ఏళ్ళ కింద అదే మాటను అంతే ధీమాగా నేనే అన్నాను, ఈ మనుమరాలిని కన్న తల్లి విషయంలోనే.

మా అత్తగారిల్లు మట్టెవాడలో. ముందు దుకాణం, వెనక ఇల్లు, నడుమ ఒక పరదా. కుంకుమ, కాటుక, రిబ్బన్లు, జడకుచ్చులు కూడా ఉండేవి గానీ జనం మా దగ్గరికి వచ్చేది గాజుల కోసమే. నేను తొర్రూరులో నాలుగో తరగతి దాకా చదివి, పదహారు నిండీ నిండకముందే పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాను. మామ అప్పటికే లేడు. మా ఆయన నెలకోసారి పట్నం పోయి సరుకు తెచ్చేవాడు, మా అత్త గల్లా దగ్గర కూర్చునేది, వచ్చిన ఆడవాళ్ళకు గాజులు తొడగడం నా పని. చెయ్యి చూడగానే గాజు సైజు రెండు ఆరా, రెండు ఎనిమిదా అని చెప్పగలిగేదాన్ని. బిగుతు చెయ్యయితే సబ్బునీళ్ళు రాసి, బొటనవేలి మొదట్లో ఎముకను లోపలికి నొక్కిపట్టి, ఊరూ పేరూ అడుగుతూ మాటల్లో పెట్టి ఎక్కించేదాన్ని. మీలో ఎవరైనా ఆ రోజుల్లో పెళ్ళిళ్ళకని మట్టెవాడకు వచ్చి గాజులు వేసుకుని ఉంటే, ఆ చేతులు నావే అయి ఉండవచ్చు.

గాజులమ్మే ఇంట్లో ఒక మాట నోట్లో నుంచి రాకూడదు. గాజు పగిలింది అనకూడదు. ముత్తైదువల సొమ్ము కదా, ఆ మాట అశుభమని. చెయ్యి జారి ముక్కలైతే గాజు పెరిగింది అనేవాళ్ళం. మీ ఇళ్ళలోనూ పుస్తెలతాడు తెగితే పెరిగింది అనే అని ఉంటారు. చేను పెరిగింది, పిల్ల పెరిగింది అన్నప్పటి మాటే అది. కొత్తలో నాకు నవ్వొచ్చేది, ముక్కలైపోయిన దాన్ని పెరిగింది అంటారేమిటని. మా అత్త మాత్రం నవ్వేది కాదు. పొదుపులో నాకు గురువు ఆమె. చప్పుడు వినబడితే చాలు, కూర్చున్న చోటి నుంచే ఎవరి చేతిలో పెరిగింది, ఏ రంగు, ఏ సైజు అని అడిగేది.

డెబ్బైల నడుమ నా పెద్దబిడ్డ పుట్టింది. తొర్రూరులో పురుడు పోసుకుని ఐదో నెలలో పిల్లతో మట్టెవాడకు వచ్చాను. పిల్లను సంకకు మరగనివ్వకూడదన్నది మా అమ్మ నాకు చెప్పి పంపిన మాట, నేను పట్టుకున్న మాట. ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే చేతులకు అలవాటు పడుతుందని, ఆ తర్వాత పని సాగదని మా వైపు ప్రతి ఆడమనిషీ నమ్మేది. నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. వెనక అర్రలోని ఉయ్యాలకు తాడు కట్టి, పరదా కింద నుంచి దుకాణంలోకి లాగి, కొసను కాలి బొటనవేలికి తగిలించుకున్నాను. చేతులు గాజులు తొడుగుతుంటే కాలు ఉయ్యాల ఊపేది. వచ్చిన ఆడవాళ్ళు నా తెలివికి మెచ్చుకునేవాళ్ళు, నేను కూడా మెచ్చుకునేదాన్ని.

పిల్ల పాకడం మొదలుపెట్టాక ఆ తెలివి పని చేయలేదు. ఎటు చూసినా గాజులున్న ఇల్లు, పాకే పిల్ల. పొద్దునా సాయంత్రం అంట్లు తోమడానికి ఒకామె వచ్చేది. ఆమె ఊరు ధర్మసాగర్, మొగుడు ధాన్యం మిల్లులో బస్తాలు మోస్తుంటే మా గల్లీ చివర ఒక రేకుల గదిలో ఉండేవాళ్ళు. ఆమెనే రోజంతా ఉండమన్నాం. మనిషి నల్లగా, పొడుగ్గా ఉండేది, తక్కువ మాట్లాడేది. పిల్లను ఎడమ సంకన పెట్టుకుని కుడిచేత్తో అంట్లు తోమేది, నీళ్ళు తోడేది, బియ్యం చెరిగేది. నా పిల్లను సంకకు మరిగించొద్దని నేను రెండుమూడు సార్లు గట్టిగానే చెప్పాను. సరే చిన్నమ్మా అని దించేది, పిల్ల కాళ్ళను చుట్టుకోగానే మళ్ళీ ఎత్తుకునేది. తనను తాను అవ్వ అని చెప్పుకునేది: అవ్వ దగ్గరికి రా బిడ్డా, అవ్వ బువ్వ పెడ్తది. పిల్లకు మొదట వచ్చిన మాట అదే. అవ్వ. ఆ తర్వాత చాలా రోజులకు అమ్మ వచ్చింది.

ఏడాదిన్నర నిండినప్పుడు తొర్రూరు పోయి పిల్లకు పాలు మాన్పించాను. ఎట్లా మాన్పించేవాళ్ళో మీకు చెప్పనక్కర లేదు. వేపాకు మెత్తగా నూరి రాసుకుంటే, పిల్ల నోరు పెట్టి, చేదుకు మొహం ముడుచుకుని, ఎందుకిట్లా అయిందన్నట్టు మన మొహంలోకి చూస్తుంది. మొదటిరోజు గోల, రెండోరోజు సన్నాయి, మూడోరోజు చాలించుకుంటుంది. నాలుగోరోజు పెరుగన్నం తిని పడుకుంటుంది. మా ఇంట్లో అందరికీ అట్లాగే జరిగింది, నా బిడ్డకూ అట్లాగే జరిగింది. దాంతో నా మనసులో ఒక లెక్క కుదిరిపోయింది. పిల్లలు దేనికైనా మూడు రోజులే ఏడుస్తారు అని.

రెండేళ్ళు దాటేసరికి పిల్ల వసపిట్ట అయింది. ఆకుపచ్చ, ఎర్ర, రాణి అని రంగులు చెప్పేది. పరదా పక్కకు జరిపి దుకాణంలోకి దూరి, గాజుల కట్ట అందుకుని, ఒకటి తీసి అవ్వకు, ఒకటి తీసి నానమ్మకు పంచేది. రోజుకు ఒకటో రెండో పెరిగేవి. మా అత్త కేకలేసేది, నేను చెయ్యి మీద ఒకటి వేసేదాన్ని, పిల్ల ఏడుస్తూ అవ్వ కొంగులోకి పోయేది. అవ్వ ముక్కలన్నీ ఏరి, పిల్ల చేతికి అందకుండా కొంగున ముడేసుకునేది. సాయంత్రం పని తీరాక ఇటుకరాయి మీద వాటి అంచులను అరగదీసి, దొడ్లో నేల మీద వరసలు పేర్చి చూపించేది. పిల్ల పక్కన కూర్చుని, ఇది నాది, ఇది అవ్వది అనేది.

ఒక పెళ్ళిళ్ళ నెలలో మా ఆడబిడ్డ జనగామ నుంచి వచ్చింది. దుకాణం నిండా మనుషులు. పిల్ల గడప తట్టుకుని పడింది. నేను గాజులు పక్కన పెట్టి చేతులు చాచాను. పిల్ల నన్ను దాటుకుని, పరదా దాటుకుని, నీళ్ళ గోలెం దగ్గర బట్టలు పిండుతున్న ఆమె దగ్గరికి అవ్వా అవ్వా అంటూ ఉరికింది. మా వైపు పల్లెల్లో అవ్వ అంటే కన్నతల్లి. దుకాణంలో ఉన్నవాళ్ళందరికీ అది తెలుసు.

"ఏందె వదినె, కన్నది నువ్వు, అవ్వేమో ఆమెనా?" అంది మా ఆడబిడ్డ, అందరూ వినేటట్టుగానే. "జర సూసుకో, రేపు నిన్ను గూడ గాజులు తొడిగే ఆమె అంటది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, చేతిలో ఉన్న చేతికి మిగతా గాజులు తొడిగాను. తొడుగుతుంటే ఒకటి పెరిగింది. అన్నేళ్ళ నా పనిలో కొనేవాళ్ళ చేతి మీద గాజు పెరగడం అదే మొదటిసారి.

ఆ మర్నాడే ఆమెను మాన్పించాలనుకున్నాను. మాన్పించడం అనే అనుకున్నాను, అదే మాట. పాలు మాన్పించినట్టే మనిషిని కూడా మాన్పించవచ్చని, ఒక్కసారిగా లేకుండా చేస్తే మూడు రోజుల్లో సర్దుకుంటుందని. మధ్యాహ్నం పిల్ల నిద్రపోగానే ఆమెకు జీతం చేతిలో పెట్టి, ఇక రేపటి నుంచి రావద్దు, ఇప్పుడే పో అన్నాను. జీతం గురించి, తప్పు గురించి ఆమె ఏమీ అడగలేదు.

"చెప్పి పోత చిన్నమ్మా," అంది. "లేసినంక ఎతుకుతది. గోలెం కాడ జూస్తది, దొడ్లె జూస్తది. యాడ లేకపోతె ఏమనుకుంటది?"

చెప్తే పోనిస్తుందా, రెండు మూడు రోజులు ఏడుస్తుంది, తర్వాత అదే మరిచిపోతుంది, పాలు మానలేదా అన్నాను. ఆమె నిద్రపోతున్న పిల్ల దిక్కు చూసింది, దగ్గరికి పోలేదు. పోతే లేస్తుందని నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. కొంగు సర్దుకుని దొడ్డిదారిన వెళ్ళిపోయింది.

మొదటిరోజు పిల్ల గొంతు పోయేదాకా ఏడ్చింది. ఆమె చెప్పినట్టే గోలెం వెనక చూసింది, దొడ్లో చూసింది, బియ్యం డబ్బా మూత తీసి కూడా చూసింది. రెండోరోజు దొడ్డి గడప మీద కూర్చుని ఎవరు నడిచిన చప్పుడైనా లేచి నిలబడింది. మూడోరోజు మూలిగింది. నాలుగోరోజు ఏడవలేదు. పెట్టిన అన్నం తింది, పడుకోమంటే పడుకుంది. నా లెక్క సరిపోయిందని మా అత్తతో చెప్పాను.

ఆ నెలంతా నన్ను పొగడని మనిషి లేదు. పిల్లను దుకాణంలోనే నా పక్కన చాప మీద కూర్చోబెట్టేదాన్ని. చెయ్యి చాస్తే అందే దూరంలో రంగురంగుల గాజులు, పిల్ల ఒక్కదాన్నీ ముట్టేది కాదు. రెండేళ్ళ పిల్ల ఇంత బుద్ధిగా ఉండటం చూడలేదని, ఎట్లా పెంచావో మాకూ చెప్పమని అడిగేవాళ్ళు. నేను గర్వపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎవరు ఎత్తుకున్నా పోయేది, ఎవరు దించినా దిగేది. ముక్కూ మొహం తెలియని మనిషి ఒళ్ళో కూడా కొయ్యబొమ్మలా కూర్చునేది. మాటలు తగ్గాయని గమనించాను గానీ, వాగుడు తగ్గిందిలే అనుకున్నాను. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్ళీ తడుపుతుంటే చలికేమో అనుకున్నాను. ఒకరోజు స్నానం చేయిస్తుంటే అరికాలిలో గాజుపెంకు కనిపించింది. చుట్టూ చీము పట్టి ఉంది, గుచ్చుకుని రెండు రోజులైనా అయి ఉంటుంది. పిల్ల ఏడవలేదు, చూపించలేదు, కుంటను కూడా కుంటలేదు. సూదితో తీస్తుంటే కూడా నా మొహంలోకి కాక గోడ దిక్కు చూసింది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. దవాఖానకు తీసుకుపోతే పుండుకు మందు రాసి, బలానికి ఒక సీసా రాసిచ్చారు. దిష్టి తీశాం. ఏమీ మారలేదు.

ఒక సాయంత్రం దుకాణం ఊడుస్తున్నాను. మా అత్త గల్లా దగ్గర కూర్చుని చాప మీద పిల్లను చాలాసేపు చూసి, "నెల దాటె. మనింట్ల ఒక్క గాజు పెరుగలే," అంది.

మెచ్చుకుంటోందనుకుని, అవునత్తా, ఎంత మిగిలిందో అన్నాను. గాజు పెరిగితే అన్నం సహించని మనిషి, నా దిక్కు కోపంగా చూసింది.

"పిల్ల పెరిగే ఇంట్ల గాజులు గూడ పెరగాలె గదనే," అంది.

చీపురు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను, రేపు దుకాణం మీరూ అత్తా చూసుకోండి, నేను ధర్మసాగర్ పోతున్నానని. ఎందుకని ఆయన అడగలేదు. ఆమెను పంపించేసిన రోజు నుంచీ ఆయన పిల్లను చూసి మాట్లాడకుండా ఊరుకుంటున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

గల్లీ చివర గదికి తాళం ఉంది. నాట్లకు ఊరికి పోయిందని పక్కవాళ్ళు చెప్పారు. పిల్లను చంకనేసుకుని బస్సెక్కాను. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, నా బిడ్డను అంతసేపు సంకన మోయడం నాకు అదే మొదలు. బస్సు దిగి చెరువుకట్ట మీద నడుస్తుంటే నడుము పడిపోయింది. ఒక సంకన పిల్ల, ఇంకో చేత్తో బిందె ఎత్తిన మనిషి ఏడాది పైన ఎట్లా మోసిందో అనుకున్నాను. కట్ట కింద మళ్ళలో పదిమంది ఆడవాళ్ళు వంగి నాటు వేస్తున్నారు. అన్నీ వంగిన వీపులే, ఎవరు ఎవరో నాకు తెలియలేదు. ఒడ్డు మీద నిలబడ్డాను. పిలవడానికి ఆమె పేరు గుర్తు రాలేదు. మా ఇంట్లో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. నాకు తెలిసినది ఒక్కటే పిలుపు, ఏ పిలుపు మీద కోపంతో ఆమెను పంపించానో అదే. ఆ పిలుపే పిలిచాను. అవ్వా అని.

ఇద్దరు ముగ్గురు తలలెత్తారు. వాళ్ళలో ఆమె ఉంది.

ఉరికి వచ్చి పిల్లను లాక్కుంటుందనుకున్నాను. పిల్ల దూకుతుందని కూడా అనుకున్నాను. రెండూ జరగలేదు. పిల్ల ఆమెను చూసింది, మొహం తిప్పుకుని నా మెడ పక్కన దాచుకుంది. ఆమె కాలవలో చేతులు కడుక్కుని వచ్చి, మాకు నాలుగడుగుల దూరంలో ఒడ్డు మీద కూర్చుంది. కొంగు ముడి విప్పింది. అందులో మా ఇంటి గాజుముక్కలున్నాయి. నెల రోజులుగా ముడి విప్పలేదో, విప్పి మళ్ళీ కట్టుకునేదో నాకు తెలియదు. ఆకుపచ్చ, ఎర్ర, రాణి రంగు ముక్కలు, అంచులు అరగదీసినవి. తడిమట్టి మీద ఒక్కొక్కటే వరస పెట్టింది. పిల్లను పిలవలేదు, చూడను కూడా చూడలేదు. ఎంతసేపు అట్లా కూర్చున్నామో. పిల్ల మెల్లగా నా ఒళ్ళోంచి జారింది. పోయి ఒక ముక్క తీసింది, ఇంకోటి తీసింది. మూడోది తీసి నేల మీద పారేసి, చెయ్యెత్తి ఆమె మొహం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. నేను లేవబోతే ఆమె వద్దన్నట్టు తల ఊపింది.

"అవ్వ చెప్పకుంట పోయింది," అంది. "తప్పే బిడ్డా. అవ్వదే తప్పు."

అప్పుడు ఏడ్చింది నా బిడ్డ. నెల రోజుల ఏడుపు. నోరు తెరిచాక చాలాసేపటికి గానీ శబ్దం రాలేదు. మళ్ళలో నాటు వేసే వాళ్ళందరూ నిలబడి చూశారు. ఆమె ఒళ్ళో పడి, ఆమె చీర పళ్ళతో పట్టుకుని, వెక్కిళ్ళు పెట్టి ఏడ్చి అక్కడే నిద్రపోయింది. తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒడ్డు మీద ఇంకొకరు ఉన్నారని కూడా నేను అప్పుడే చూశాను. ఆరేడేళ్ళ ఆడపిల్ల, సద్దిమూట పట్టుకుని, వాళ్ళమ్మ ఒళ్ళో పరాయి పిల్లను చూస్తూ నిలబడి ఉంది. ఆమె కూతురు. ఏడాది పైన మా ఇంట్లో పొద్దస్తమానం ఉన్న మనిషికి పిల్లలున్నారా, ఎవరి దగ్గర ఉంటున్నారు అని నేను ఒక్కసారీ అడగలేదు. ఆ పిల్ల తాత దగ్గర ఉండి, తల్లి నెలకోసారి వస్తుందేమోనని కట్ట మీద కూర్చునేదట.

మళ్ళీ రమ్మని అడిగాను. బతిమాలడం నాకు చేతకాదు, కానీ ఆ రోజు చేతనైంది. వస్తాను గానీ నా బిడ్డను కూడా తెచ్చుకుంటానంది. తెచ్చుకో, మా దగ్గరి బడిలో వేద్దామన్నాను. నాట్లు అయిపోయేదాకా ఇంకా పన్నెండు రోజులుంది. అన్ని రోజులూ నేను పిల్లను తీసుకుని పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాను. టికెట్టుకు టికెట్టు పెట్టడం నాకు నొప్పి అనిపించని రోజులు నా బతుకులో అవే. బస్సెక్కే ముందు ప్రతి సాయంత్రం ఆమె పిల్ల గడ్డం పట్టుకుని, ఇప్పుడు నువ్వు పోతవు, రేపు పొద్దు పొడిచినంక వస్తవు, అవ్వ ఈన్నే ఉంటది అని చెప్పేది. మొదట్లో పిల్ల బస్సులో హన్మకొండ దాకా ఏడ్చేది. తర్వాత తర్వాత ఏడుపు దగ్గరి దగ్గరి ఊళ్ళలోనే ఆగిపోయింది. చివరి రెండు రోజులు చెయ్యి ఊపింది. ఆ బస్సులో పిల్ల ఏడిస్తే పట్టుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. కాలి బొటనవేలికి కట్టుకునే తాడు అక్కడ లేదు. అట్లా అది నా భుజం మీద నిద్రపోవడం నేర్చుకుంది.

ఆ పన్నెండో రోజు, సామాను కట్టుకుంటూ ఆమె ఒక మాట అంది. ఆమె నోటి నుంచి అంత పొడుగు మాట మళ్ళీ వినలేదు.

"నాకు మరిగిందని నన్ను తోలిచ్చినవ్ చిన్నమ్మా. నాకు మరిగిన పిల్ల నీకు గూడ మరుగుతది, వాళ్ళ నాయనకు మరుగుతది, బడిల పంతులుకు మరుగుతది. ఎవ్వలకు మరగని పిల్లతోనే ఫికర్."

ఆమె తిరిగి వచ్చిన వారానికి, దుకాణంలో ఒక పెళ్ళికూతురుకు గాజులు తొడుగుతున్నాను. పరదా వెనక గల్లున చప్పుడైంది. నేను, మా అత్త ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరి చేతిలో, ఏ రంగు, ఏ సైజు అని ఆమె అడగలేదు. పెరిగింది అంది మెల్లగా, అని కొంగుతో మొహం తుడుచుకుంది. పరదా పక్కకు జరిపి చూస్తే నా బిడ్డ రెండు చేతులూ వెనక దాచుకుని, చుట్టూ రాణి రంగు ముక్కల మధ్య నిలబడి, దెబ్బ వేస్తానేమోనని నా మొహంలోకే చూస్తోంది. నా మొహంలోకి చూస్తోంది కదా అనుకున్నాను. ఎత్తుకున్నాను.

ఆమె మా ఇంట్లో ఇంకో పదిహేనేళ్ళుంది. ఎనభైల్లో నాకు పుట్టిన ఇద్దరూ ఆమె సంకలోనూ నా సంకలోనూ మార్చి మార్చి పెరిగారు. ఆమె బిడ్డ టీచరు చదువు చదివి ఆమెను తన దగ్గరికి తీసుకుపోయింది. పోయే రోజు మా ఇంట్లో అందరికీ ఒక్కొక్కరికీ చెప్పి పోయింది. నా పెద్దబిడ్డకు ఆ నెల గుర్తు లేదు. నేనెప్పుడూ చెప్పలేదు కూడా. కానీ ఇప్పటికీ కూరగాయలకు పోయినా, ఎటు పోతున్నానో, ఎన్నింటికి వస్తానో ఇంట్లో ప్రతి ఒక్కరికీ చెప్పి గానీ చెప్పులు వేసుకోదు. ఎవరైనా చెప్పకుండా లేచిపోతే ఆ పూట దానికి అన్నం దిగదు. అది దాని స్వభావమో, నా చేతి పనో చెప్పగలిగే చదువు నాకు లేదు. చూసినప్పుడల్లా నా అరికాలిలో ఏదో గుచ్చుకుంటుంది.

ఆదివారం మధ్యాహ్నమే బస్సులో హన్మకొండ పోయి ఆ నెల జరిగినదంతా మనుమరాలికి చెప్పాను, గాజు పెరిగే మాట ఒక్కటి తప్ప. అది పాపను దగ్గరికి లాక్కుంది. తర్వాత, ఆయమ్మను తీసేయడం లేదు అమ్మమ్మా అంది. ఆమెకు పిల్లలున్నారా అని అడిగాను. తెలియదంది, తల వంచుకుని.

ఆ ఇంట్లో నేల మీద మెత్తటి పరుపుముక్కలు, బల్లల మూలలకు రబ్బరు తొడుగులు. మనుమరాలి చేతికి గడియారం తప్ప ఏమీ లేదు, పండుగకు వేసుకునేవి కూడా ఇత్తడివో ప్లాస్టిక్‌వో. మా దుకాణంలోనూ ఇప్పుడు నా కొడుకు అమ్మేవి ఎక్కువగా అవే, ఏళ్ళ తరబడి అట్లాగే ఉంటాయి. గాజుతో భయపడే రోజులు పోయాయి, మంచిదే. దాంతో పాటు ఆ మాట కూడా పోయింది. ఒకే ఇంట్లో నలుగురి కొంగులు మారుతూ తిరిగే పిల్లలూ తక్కువైపోయారు, ఇప్పుడు తల్లి ఒక్కతే, కాకుంటే జీతానికి వచ్చే మనిషి ఒక్కతే.

పాప నా ఒళ్ళోకి వచ్చింది. నా ముంజేతి గాజులు పైకీ కిందికీ జరిపి, చప్పుడుకు నవ్వి, నా చెయ్యి పట్టుకుని గోడకేసి కొట్టింది. ఒకటి గల్లుమంది. ముక్కలు పాపకు అందకుండా అలవాటుగా కొంగులోకి ఏరుకుంటూ, పెరిగింది అన్నాను.

వంటింట్లోంచి మనుమరాలు, "ఎవరు అమ్మమ్మా, పాపనా?" అంది.

దాని తల్లి పెరిగిన ఇంట్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉందని దానికి ఎవరూ చెప్పి ఉండరు. నేనూ చెప్పలేదు. అవును బిడ్డా, పాపనే అన్నాను.